అత్తయ్య ఖాళీ చేసిన చోటు

శ్రీవారికి మీ ఇంటి నుంచి నమస్కారాలు. ఇక్కడ నేను, చిన్నది, అత్తయ్య కుట్టుమిషను ముగ్గురం కులాసా. అక్కడ మీరు, మీ ఓడ, దాని కడుపులో చుట్టలు చుట్టుకుని పడుకున్న తీగలు క్షేమమని అనుకుంటున్నాను.

సరుకుల పడవలో పంపిన మీ ఉత్తరం అందింది. అడిగినవాటికి జవాబులు ముందు రాసేస్తాను. వంటింటి కప్పు కారడం ఆగింది, బాగుచేసినతను మాత్రం ఇంకా కారుతోందేమోనని రోజూ తొంగి చూసి పోతున్నాడు. చిన్నదానికి ముందుపళ్లు ఊడాయి. నవ్వమంటే మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుంటోంది. కొట్టు మూయలేదు. అత్తయ్య కత్తిరించి పెట్టిన బట్టలన్నీ కుట్టి ఇచ్చేశాను. ఎదురింటి టీచరుగారు చొక్కా చేతిలోకి తీసుకోగానే "ఈ కాలరు మీ అత్తగారి చేతిది కాదు కదమ్మా" అంది. నాకు కోపం రాలేదు. లోపలికి వెళ్లి కాసేపు ఏడ్చి, వచ్చి ఆ కాలరు విప్పి మళ్లీ కుట్టాను.

మీరు చివర్లో రాసిన మాట దగ్గర మాత్రం నా కలం ఆగిపోయింది. "అమ్మ పోయినప్పుడు రాలేకపోయాను. ఆవిడ గొంతు మన ఫోల్డర్లో ఉందిగా, ఒడ్డు చేరగానే కూర్చుని అన్నీ వింటాను. ఆ ధైర్యంతోనే పని చేస్తున్నాను" అన్నారు. దీనికి జవాబు రాయబోయి ఎన్ని కాగితాలు చించానో అడక్కండి.

మీరు ఓడెక్కే ముందు డబ్బు కట్టి, ఫోటోలూ మాటలూ నెట్‌లో దాచుకునే పెద్ద అకౌంట్ తీసుకుని, అందులో 'ఇల్లు' అని ఒక ఫోల్డర్ పెట్టి మా ఇద్దరి ఫోన్లకీ షేర్ చేశారు. అత్తయ్య దాన్ని ఎంత ముచ్చటగా వాడుకుందో మీరు చూడలేదు. కొట్టు మూశాక స్టూలు మీద కూర్చుని, మెడలో టేపు తీయకుండానే ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని "ఒరేయ్, వింటున్నావా" అని మొదలుపెట్టేది. గుండీలు అమ్మేవాడితో బేరం, చిన్నదాని అల్లరి, నా మీద చాడీలు, అన్నీ అందులోకే. నేను పక్కగదిలో ఉన్నానని తెలిసి మరీ "మీ ఆవిడ ఇవాళా ఉప్పు మరిచిపోయిందిరా" అని గొంతు పెంచేది.

మీ ఫోటో ఒక్కటీ రావడం లేదన్నదే ఆవిడ దిగులు. ఓడలో సొంత ఫోన్లకి నెట్ ఇవ్వరని ఎంత చెప్పినా వినేది కాదు. "లోకమంతా మాట్లాడుకోడానికి సముద్రంలో తీగలు వేసేవాడికి, ఇంటికి ఒక్క ఫోటో పంపుకునే దారి లేదంటే ఎలా నమ్మనే?" అనేది. నిజమే, నాకూ నమ్మబుద్ధి కాదు.

ఆ రోజుల్లోనే ఆవిడ ఫోన్లో "చోటు నిండింది, డబ్బు కట్టి పెంచుకోండి" అని రావడం మొదలైంది. అది ఆవిడ సొంత ఉచిత అకౌంట్ సంగతి. పొద్దున్నే అందరూ పంపే పువ్వుల బొమ్మలతో నిండిపోయింది. ఆవిడేమో మన ఫోల్డరే నిండిపోయిందనుకుంది. అందుకే మీ ఫోటోలు బయట ఆగిపోయాయనుకుంది. ఒకనాడు మిషను తొక్కుతూ "అమ్మాయ్, చోటు చేశాను. ఇక వాడి ఫోటోలు వస్తాయి చూడు" అంది. ఆ పువ్వుల బొమ్మలు తీసేసిందనుకుని "మంచి పని చేశారు అత్తయ్యా" అన్నాను.

ఆవిడ తీసేసింది తన గొంతునండీ. ఒక్కటీ మిగల్చలేదు. మీ ఉత్తరం చదివి, మీకంటే ముందు నేనే వినాలని ఆశపడి తెరిస్తే ఫోల్డర్ ఖాళీగా ఉంది. గుడ్డ తక్కువ తెచ్చినవాళ్లని ఆవిడ ఏనాడూ వెనక్కి పంపలేదు. తను దాచుకున్న గుడ్డలోంచి ముక్క కోసి, జేబు లోపలో కాలరు అడుగునో కలిపి సరిపెట్టేది. ఇక్కడా అదే చేసింది. మీ అకౌంట్లో సగం చోటు కూడా నిండలేదని ఆవిడకెవరు చెప్తారు?

ఫోన్లు బాగుచేసే అబ్బాయి దగ్గరికి పరుగెత్తాను. అతను చూసి నిట్టూర్చాడు. "ఫోల్డర్ బావగారిదక్కా. మీకు చూసే వీలు, పెట్టే వీలు, తీసేసే వీలు ఇచ్చారు. తీసేసినవి కొన్నాళ్లు ఆయన చెత్తబుట్టలో ఉంటాయి. వెనక్కి తెచ్చే వీలు మాత్రం డబ్బు కట్టిన అకౌంట్‌కే."

"నేనూ కడతాను బాబూ. నా పేరు మీద ఇప్పుడే పెద్ద అకౌంట్ తీసుకుంటాను."

"తీసుకుంటే మీకు వేరే చోటొస్తుంది. ఆయన చెత్తబుట్ట మీ చేతికి రాదక్కా."

పాస్‌వర్డ్ మీ తలలో ఉంది, కోడ్ మీ ఫోన్‌కే వస్తుంది, ఆ ఫోన్ మీతోపాటు సముద్రం మధ్యన ఉంది. ఇంతకాలం ఆ ఫోల్డర్ నా ఫోన్లో కనిపిస్తుంటే అది నా దగ్గరే ఉందనుకున్నాను.

ఇంకొకటి ఉంది. ఇది ఎవరికీ చెప్పలేదు. ఆఖరి రోజు సాయంత్రం ఆవిడ కళ్లు తెరిచి "వచ్చిందా?" అని అడిగింది. దేని గురించో నాకు తెలుసు. లేదనడానికి నోరు రాలేదు. మీరు ఓడెక్కిన రోజు రేవులో నేను తీసిన ఫోటో, ఆవిడ చూడనిది, నా ఫోన్లో ఉంది. "వచ్చింది అత్తయ్యా" అని అది చూపించాను. ఆవిడ ఫోన్ దగ్గరికి లాక్కుని చాలాసేపు చూసింది. "చిక్కాడు. చొక్కా భుజాల దగ్గర వదులైంది, రాగానే పట్టాలి" అంది. తర్వాత నా చెయ్యి పట్టుకుని "చూశావా, చోటు చేస్తే వచ్చింది" అని నవ్వింది. ఆ మాటకి అర్థం నాకప్పుడు తెలియలేదు.

చెత్తబుట్టలో ఉన్నవాటిని కొన్ని నెలలు దాచి, తర్వాత ఆ అకౌంటే పారేస్తుందట. ఈ ఉత్తరం ముందు చేరుతుందో ఆ గడువు ముందు తీరుతుందో నాకు తెలియదు. సిగ్నల్ అందగానే తెరిచి చూడండి. దొరికితే ఒక్కరే వినకండి, మాకు ఫోన్ చేయండి, ముగ్గురం కలిసి తిట్లు తిందాం. దొరక్కపోతే ఆవిడనేమీ అనకండి. అనాలనుంటే నన్ననండి, పడతాను.

దొరికినా దొరక్కపోయినా ఒక పని చేయండి. గడ్డం గీసుకోకపోయినా ఫరవాలేదు, ఎలా ఉన్నారో అలాగే ఫోటో తీసుకుని ఆ ఫోల్డర్లో పెట్టండి. మీ ఫోటో వచ్చిందని ఆవిడకి నేను చెప్పాను. ఆవిడ నమ్మి వెళ్లిపోయింది.

ఇట్లు,
మీ అమ్మ 'అమ్మాయ్' అని పిలిచే
మీ ఇంటావిడ