ఆస్కార్‌కి తోడు

ఆగస్టు 20, 2025

నిన్నటితో ఆయన పదమూడో రోజూ అయిపోయింది. చుట్టాలంతా వెళ్ళిపోయారు. ఇంట్లో ఇక అత్తమ్మ, నేను, ఆయన చేపలు.

పొద్దున ట్యాంక్ లైట్ వేసి చూస్తే సిల్వర్ డాలర్ చేపలు ఐదింటిలో రెండే తిరుగుతున్నాయి. ఒకటి తోక లేకుండా ఫిల్టర్ పక్కన తేలుతోంది. మిగతా రెండూ ముక్కలై రాళ్ళ మధ్య ఉన్నాయి. పెద్ద చేప ఆస్కార్ ఏమీ ఎరగనట్టు మూలన నిలబడి నన్నే చూస్తోంది.

దాని పక్కన ఏది పడితే అది బతకదు. గోల్డ్‌ఫిష్ వేస్తే తెల్లారేసరికి లేదు. ఏంజెల్‌ఫిష్ వేస్తే రెక్కలు చించేసింది. ఏడాది వెతికి ఆయన వీటిని ఎంచారు. బిళ్ళల్లా వెడల్పుగా ఉంటాయి, దాని నోట్లో పట్టవు, తరిమితే అందవు, అడుగున ఉన్న దాని చోటు జోలికి పోవు. నిన్ను చూసుకోడానికి వచ్చినప్పుడు కూడా ఇంత ఆలోచించలేదు అని నన్ను ఏడిపించేవారు. మూడేళ్ళు కలిసే ఉన్నాయి.

ఎందుకిలా అయిందో నాకు తెలుసు. మేతలో ఎండురొయ్యల పొడి ఉండాదంట, కర్మ అయ్యేదాకా ఈ నీచు ఇంట్లో వద్దు అని అత్తమ్మ ఆ డబ్బా పారేయించారు. నేను గదిలో పడి ఉన్నాను, పట్టించుకోలేదు. ఆకలేసి పక్కవాటి మీద పడింది.

ఆగస్టు 21

ఇంకోటి పోయింది.

ఆగస్టు 23

మునస్వామి అంగడికి వెళ్ళాను. ఆయన చేపలన్నీ అక్కడే కొనేవారు. సారు పోయినారా అని స్టూల్ లాగి కూర్చోబెట్టాడు. కొత్త మేత ఇచ్చాడు. ఆ డాలర్ ఒక్కటే మిగిలితే అది భయానికే సస్తుందమ్మా, ఈడ ఇచ్చేయండి అన్నాడు. మళ్ళీ తోడు కావాలంటే అరచేయంత ఉన్నవి నాలుగైదు ఒకేసారి వేయాలట. అంతకుముందు ట్యాంకులో రాళ్ళన్నీ మార్చేయాలట. దాని తావు దానికే గుర్తు తెలీకుండా పోవాల, అప్పుడు అదీ కొత్తదే, ఇవీ కొత్తవే, కొట్లాడుకోవు అన్నాడు.

ఆ రాళ్ళు ఆయన స్వర్ణముఖి ఏట్లో ఏరుకొచ్చినవి. నేను మార్చను.

ఆగస్టు 24

అనేశాను. ఆయన చేపల్ని మీరే చంపారు అని మొహం మీదే అనేశాను.

అత్తమ్మ కాఫీ గ్లాసు కింద పెట్టారు. పస్తు పెట్టలేదే, దినామూ పెరుగన్నం వేస్తానే ఉన్నాను కదా అన్నారు మెల్లిగా. అన్నం! ఆస్కార్‌కి పెరుగన్నం! నీళ్ళెందుకు అంత తెల్లగా విరిగినట్టున్నాయో అప్పుడు అర్థమైంది. గట్టిగా నవ్వాను. ఆ నవ్వు ఆపుకోలేక ఏడ్చాను. ఈ మనిషితో ఇక నావల్ల కాదు.

ఆగస్టు 30

ఆడపడుచు శ్రీసుధ చెన్నై నుంచి కారులో వచ్చి వాళ్ళమ్మని తీసుకెళ్ళింది. కొన్నాళ్ళు ఎడంగా ఉంటే ఇద్దరికీ మంచిది వదినా అంది. ఉండమని నేను అనలేదు. అత్తమ్మ గుమ్మం దాకా వచ్చి, వెనక్కి వెళ్ళి, ట్యాంక్ ముందు చాలాసేపు నిలబడ్డారు. వస్తానమ్మా అని మాత్రం నాతో అన్నారు.

సెప్టెంబర్ 3

మిగిలిన ఒక్కదాన్నీ మునస్వామికి ఇచ్చి, కొత్తవి నాలుగు తెచ్చాను. ఆస్కార్‌ని బకెట్‌లో పెట్టి రాళ్ళు మార్చాను. మళ్ళీ అలాగే పెట్టుకోవచ్చని ముందు ఫోటో తీశాను. తర్వాత డిలీట్ చేశాను. ఎందుకో తెలీదు.

సెప్టెంబర్ 5

మునస్వామి మాట నిజమే. ఆస్కార్ ఒక్కదాన్నీ తరమలేదు. తినడమూ లేదు.

సెప్టెంబర్ 8

రోజూ సాయంత్రం అత్తమ్మ ఫోన్. ఒకటే మాట, చేప తిన్నదా అని. నేను తిన్నానా లేదా అని ఒక్కసారీ అడగలేదు. ఇవాళ ఒళ్ళు మండి, తినలేదు, ఐదు రోజులుగా ఏమీ ముట్టలేదు అన్నాను. ఫోన్ పెట్టేశారు.

సెప్టెంబర్ 9

శ్రీసుధ ఏడుస్తూ ఫోన్ చేసింది. ఏమన్నావు వదినా, నిన్నటి నుంచి అమ్మ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు అంది. చేప సంగతి అడిగారు, చెప్పాను, అంతే అన్నాను. అప్పుడు చెప్పింది.

ఆ పదమూడు రోజుల్లో మిద్దె మీద పెట్టిన ముద్దని కాకి ముట్టలేదట. ఎంతసేపు పిలిచినా రాలేదట. నా బిడ్డ ఆకలితో పోయినాడు అని అత్తమ్మ ఆ ముద్ద తెచ్చి ట్యాంకులో వేశారట. వాడు అంత ఇష్టంగా పెంచుకున్న జీవం కదా అని. ఆస్కార్ గబుక్కున మింగేసిందట. నా బిడ్డ నారాయణ తిన్నాడే అని ఆ పూటే కూతురికి చెప్పుకున్నారట. ఇంక రోజూ అలాగే. కమలినికి చెప్పొద్దు, నవ్వుతుంది అన్నారట.

నవ్వాను కదా.

వెంటనే అత్తమ్మకి ఫోన్ ఇమ్మన్నాను. ఇప్పుడే తిన్నది అని చెప్పాను. అబద్ధం.

సెప్టెంబర్ 12

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చేపల మార్కెట్‌కి వెళ్ళాను. రొయ్యలు కొని, పెరట్లో కూర్చుని నా చేత్తో ఒలిచాను. ఆస్కార్ ఒకటి అందుకుని ఉమ్మేసింది. దాని తల మీద గుంటలు పడ్డాయి. మునస్వామి వచ్చి చూసి, నీళ్ళు అన్నాళ్ళు చెడిపోయి ఉన్నాయి కదమ్మా, ఇంక కష్టం అన్నాడు. తిను తల్లీ, ఒక్కటి తిను అని గాజు మీద చెయ్యి పెట్టి బతిమాలుకున్నాను.

సెప్టెంబర్ 15

పొద్దున లేచేసరికి ఆస్కార్ పక్కకి ఒరిగి ఉంది. కొత్తవి నాలుగూ పై నీళ్ళలో బాగానే తిరుగుతున్నాయి. పెరట్లో పూడ్చాను. ఆయన పోయినప్పుడు మనుషుల మధ్య సరిగ్గా ఏడవలేకపోయాను. ఇవాళ ఏడ్చాను.

సెప్టెంబర్ 16

సాయంత్రం ఫోన్ వచ్చింది. తిన్నదా అన్నారు. తిన్నది అన్నాను. ఏం పెట్టినావు అన్నారు.

రొయ్యలు అన్నాను.

రొయ్యలా అన్నారు అత్తమ్మ. తర్వాత, ఇంకో రెండు పెట్టమ్మా, వాడికి సాలవు అన్నారు.

పెడతాను అన్నాను.