యాదమ్మ హాజరు

1938, జూలై 4. సోమవారం.
వాన తెరిపిచ్చింది. వాడుక పాలు తెచ్చే యాదమ్మ ఈ రోజు ఎడమ చేత్తో కొలిచింది. సగం పాలు గడప మీదే. "ఏమే, కుడిచెయ్యి కిరాయికిచ్చినవా?" అన్నాను. నవ్వలేదు. కుడిచేయి వీపు వెనకే ఉంది.
"గంజి పడ్డది పంతులమ్మా."
చూపించమంటే పరుగు. తర్వాత బడిలో చూస్తే పలక మీద ఎడమచేతి రాత, వంకరటింకరగా. ఎనిమిదేళ్ళకే ఇంటెడు చాకిరీ.

జూలై 6.
బడిలో చూశాను, యాదమ్మ మోకాలి కింద రెండు మచ్చలు. ఒకే పొడవు, పక్కపక్కన, కొలిచి గీసినట్టు. గంజి అలా పడదు.
ఎంత తెలివి తక్కువదాన్ని... మొన్న నమ్మేశాను.

జూలై 7.
బడి వదలగానే వాళ్ళ కొట్టానికే వెళ్ళాను. తల్లి పోయి ఏడాది. ఉంటే ఆమెతోనే మాట్లాడేదాన్ని. తండ్రి నర్సింగ్ బర్రెలకు మేత వేస్తున్నాడు.
"కామెర్లయినయి పంతులమ్మా. వాత పెట్టిన."
తడబాటు లేదు. కామెర్లకు వాత పెట్టడం మా గల్లీలో మామూలే. చిన్నప్పుడు నాకూ పెట్టారు, ముంజేతి మీద ఒక్కటి. కానీ ఈ పిల్ల కళ్ళు మల్లెపూవులా తెల్లగా ఉన్నాయి. దూలానికి ఇనుప కడ్డీ వేలాడుతోంది, గొడ్లకు వాతలు పెట్టేది. యాదమ్మ దాని కింద నుంచి నడవదు, చుట్టూ తిరిగి వెళ్తుంది.
పాలలో చుక్క నీళ్ళు కలపని మనిషి అని గౌలిపుర అంతా అతన్ని మెచ్చుకుంటుంది. నేనూ మెచ్చుకున్నాను.

జూలై 8. శుక్రవారం. బడికి వారం సెలవు.
ఆయనకు చెప్పాను. అదాలత్‌లో నకళ్ళు రాసే మనిషి, కాయిదా కానూన్లన్నీ నోటికొచ్చు.
"మద్రాసు దిక్కు పిల్లల కోసం ఏదో చట్టం ఉన్నదంట. సికింద్రాబాద్‌ల ఎద్దును కొడ్తె గూడ అంగ్రేజోళ్ళు జుర్మానా ఏస్తరు."
మరి ఇక్కడ?
"ఈడ నిజాం ఇలాకల తండ్రి మాటే చట్టం. నీకెందుకే ఈ లొల్లి?"
అన్నం సయించలేదు. ఎద్దుకున్న పాటి దిక్కు కూడా ఆ పిల్లకు లేదు.

జూలై 11.
ఉండబట్టలేకపోయాను. ఈ రోజు పాలతో నర్సింగే వచ్చాడు. "నీ ఇంటి పాలు మాకొద్దు. ఎందుకో నీకెరుకే" అన్నాను, గల్లీ అంతా వినేలా. సిగ్గుపడతాడనుకున్నాను. నన్ను చూసి నలుగురూ మానేస్తారనుకున్నాను.
"మీ మర్జీ పంతులమ్మా."
నవ్వుతూ వెళ్ళిపోయాడు. ఎవరూ మానలేదు.

జూలై 12.
యాదమ్మ బడికి రాలేదు.

జూలై 14.
రాలేదు. పొద్దున పాలకూ రాదు — వద్దన్నది నేనే కదా! బడి మాన్పించినా, పాల వంకతో రోజుకొకసారి నా కంటపడేది. ఆ ఒక్క దారినీ నా నోటితో నేనే మూసేశాను. నా మీద నాకే ఒళ్ళు మండుతోంది.
కొట్టానికి వెళ్ళాను. తలుపు తీయలేదు.

జూలై 19.
పదిహేను రోజులు వరసగా రాకపోతే బడిలో పేరు కొట్టేస్తారు. పేరు లేకపోతే ఆ పిల్ల ఏదని అడగడానికి నేనెవరిని? హాజరు పట్టీలో యాదమ్మ పేరు ఎదురుగా హాజరు వేశాను. సిరా ఆరకముందే పట్టీ మూసేశాను.

జూలై 23.
హాజరు. రోజూ హాజరు. ఇప్పుడు సిరా ఆరేదాకా ఆగుతున్నాను.

జూలై 26.
పక్కింటి రహమత్ బీ వచ్చింది. ఆమె కుట్టుమిషను పెట్టుకున్న గది గోడకు అవతలే నర్సింగ్ కొట్టం.
"రోజు పోరి ఏడుపు ఇనొస్తుండె బేటీ. నాలుగు దినాలాయె... ఆవాజే లేదు. గదే ఫికర్."
చాయ్ ముట్టలేదు. పోసింది పోసినట్టే చల్లారిపోయింది. భయం వేస్తోంది.

జూలై 27. బుధవారం.
పొద్దున పట్టీలో హాజరు వేసి, మధ్యాహ్నం సెలవడిగి ఠాణాకు వెళ్ళాను. ఆయనకు చెప్పలేదు. రహమత్ బీ తోడొచ్చింది. ఠాణా అధికారి అమీన్ విన్నాడు కానీ రాసుకోలేదు.
"ఎన్ని దినాల సంది కనపడ్తలేదు?"
రెండు వారాలు దాటింది.
"బడికి గూడ వస్తలేదా? మంచిది. పట్టీ తెప్పిస్త."
పట్టీ సంగతి అప్పటిదాకా నాకు తట్టనే లేదు. అందులో అన్నీ హాజర్లే.

జూలై 28.
ఠాణా జవాను వచ్చి పట్టీ పట్టుకుపోయాడు. సాయంత్రం అమీన్ నన్ను పిలిపించి ఆ పుట నా ముందు పెట్టి, కింద నా సంతకం చూపించాడు.
"నిన్న పొద్దున గూడ హాజరే. దస్తఖత్ మీదే కదా?"
అబద్ధం రాశానని చెప్పాను. ఎందుకు రాశానో కూడా చెప్పాను. నౌకరీ పోతే పోనీ.
"పట్టీల అబద్ధం రాస్తిరి. గిప్పుడు చెప్పేది నిజమని ఎట్ల నమ్మాలె?"
కొట్టం వెతికించండి అన్నాను. ముందు తండ్రిని పిలిచి పట్టీ చూపిస్తానన్నాడు. నేను బయటికి వస్తుంటే నర్సింగ్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. లేచి దండం పెట్టాడు.

జూలై 29. శుక్రవారం.
పొద్దున్నే తలుపు చప్పుడు. గడప ముందు నర్సింగ్, వెనక జవాను. గల్లీ అంతా వినేలా ఏడుస్తున్నాడు.
"బుధారం మీ బడికొచ్చిన బిడ్డ మల్ల ఇంటికి రాలె పంతులమ్మా! పట్టీల మీరే రాసిండ్రట గద. నా బిడ్డ ఏది?"
ఇళ్ళ తలుపులన్నీ తెరుచుకున్నాయి. అందరూ నన్నే చూస్తున్నారు. రహమత్ బీ ఒక్కతే కొట్టం వైపు చూస్తోంది.
చెప్పులకని లోపలికి వచ్చి ఇది రాస్తున్నాను. ఠాణాకు పదమని జవాను తొందర పెడుతున్నాడు. కొట్టం వెతకమని మళ్ళీ చెప్తాను. ఠాణాకు పోయేదాకా చెప్తూనే ఉంటాను...
నర్సింగ్ ఇంకా ఏడుస్తున్నాడు. రహమత్ బీ గోడ అవతల బర్రెలు అరుస్తున్నాయి, ఈ పూట ఎవరూ పాలు పిండినట్టు లేదు.