కూరలో దొరికిన పట్టుదారం

నంద్యాల, 1986, మంగళవారం

ఈ రాత్రి నాకు నిద్ర పట్టేలా లేదు. ముడి ఊడలేదు! నూనెలో వేగింది, పులుసులో ఉడికింది, అయినా ఊడలేదు!

పొద్దున పొట్టేలి కార్జం తెచ్చి, వంటింట్లో కూర్చుని వేళ్లతో నలిపాను. కండ పొడిపొడిగా రాలిపోయింది, రక్తనాళాలు మాత్రం తీగల్లా నిలబడ్డాయి. ఒక్కోదాన్నీ పట్టుదారంతో కట్టి కత్తిరించాను. అంతలో ఆసుపత్రి నుంచి పిలుపొస్తే ముక్కలను అక్కడే వదిలి పరుగెత్తాను. ఇంటికోసమే తెచ్చాననుకుని నా భార్య సుభద్ర కూర వండేసింది.

మొదటి ముద్దలోనే ఆమె నోట్లోంచి దారం లాగింది.

"ఏందిది? కార్జం తెచ్చినావా, కుట్టుపని తెచ్చినావా?"

నేను ఆ ముక్కను లాక్కుని చూశాను. ముడి బిగిసినట్టే ఉంది. ఎంగిలి చేత్తోనే ఎగిరి గంతేశాను. ఆమె ఇంకా నాతో మాట్లాడటం లేదు.

రేపు ఆళ్లగడ్డ గాజుల వ్యాపారి మస్తాన్‌కు ఆపరేషన్. నిరుడు అతని పెద్దపేగులో క్యాన్సర్ గడ్డ తీశాను. ఇప్పుడు హైదరాబాదులో స్కానింగ్ తీస్తే కాలేయం అంచున ఇంకొకటి కనిపించింది. ఒక్కటే. పై దేశాల్లో కాలేయాన్నే మార్చేస్తున్నారని వైద్య పత్రికల్లో చదువుతున్నాను. నేను ఒక అంచు తీయలేనా? పొద్దున కార్జం మీద సాధన చేసింది అందుకే.

సాయంత్రం వార్డులో మస్తాన్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇది గూడా తీసేయ్ సారూ. నువ్వుండావు, నాకేం బయం ల్యా."

నాకుంది. పొట్టేలి కార్జంలో నెత్తురు పారదు.