పటం చదివిన నీ బిడ్డ

యాదగిరన్నా,

నువ్వు పోయి ఈ రోజుకు రెండేళ్లు. నువ్వు అటెండరుగా పనిచేసిన మన జాగ్రఫీ డిపార్ట్‌మెంట్‌లోనే నీ బిడ్డ స్వప్న ఈ ఏడాది ఎమ్మెస్సీలో చేరింది. ఈ రోజు జరిగింది నీకు చెప్పాలనిపించి రాస్తున్నాను.

పొద్దున పిల్లల ఫోన్లన్నీ తీసుకుని, జట్టుకో పటం, ఓ దిక్సూచి ఇచ్చి క్యాంపస్ వెనక గుట్టల్లో వదిలాను. తార్నాక వైపు గేటుకు దారి వాళ్లే కనుక్కోవాలి. స్వప్న జట్టు తుమ్మపొదల్లో దారి తప్పింది. కొంచెం వెనకే నేనున్నాను. "మేడంను అడుగుదాం" అన్నారు మిగతావాళ్లు.

"ఆగుండ్రి" అంది స్వప్న. పటాన్ని బండ మీద పరిచి, దిక్సూచి పెట్టి, ఉత్తరానికి ఉత్తరం కలిసేదాకా తిప్పింది. "గా నీళ్ల ట్యాంకు పటంల ఇదే. గీడ గీతలు దగ్గరదగ్గర ఉన్నయి, అంటే గుట్ట నిటారుగ ఉంటది. చుట్టు తిరిగి పోదాం."

అందరికన్నా ముందు గేటు చేరింది ఆ జట్టే.

"ఎవరు నేర్పారమ్మా?" అని అడిగాను.

"మా నాయన, మేడం. మీరు క్లాసుల చెప్తుంటే తలుపు కాడ నిలబడి నేర్సుకున్నడంట. సెలవులల్ల నేను డిపార్ట్‌మెంట్‌కొస్తే, పటాల బీరువా దులిపేటప్పుడు నాకు నేర్పిండు."

పదిహేనేళ్లు నీతో పనిచేశాను. నువ్వు పటాలు చుట్టి సర్దుతావనే అనుకున్నాను గానీ, చదువుతావని నాకు తెలియదు.

మధ్యాహ్నం క్లాసులో ఈ మాట అందరికీ చెప్పాను. "మొదటి స్థానం, యాదగిరి గారి అమ్మాయి స్వప్న జట్టు" అన్నాను. నీ పేరు పక్కన 'గారు' పెట్టడం నాకదే మొదటిసారి. అందరూ చప్పట్లు కొడుతుంటే నీ బిడ్డ తల ఎత్తుకుని నిలబడింది.