పక్క చేన్లో ఉన్న మనిషి

నాయనా,

నువ్వు పోయి ఏడాది తిరిగేసరికి పెద్ద మనిషివైపోయావు. పాత కోర్టు కాగితాలు చదివి పల్లెల చరిత్ర రాసిన ఒక ప్రొఫెసరు ఈ రోజు గుంతకల్లు సభలో నిన్ను తెగ పొగిడాడు. ఏ ఊరి తగాదా తీసినా పక్క చేన్లో కలుపు తీస్తూ అంతా చూసిన సాక్షివి నువ్వేనట. ఆ రోజుల్లో ఇరుగుపొరుగంటే అంత ప్రేమట!

నా పక్కన కూర్చున్న రంగన్న మామ, "ఏం పాపా, మీ నాయనకు ఊరూరా చేండ్లు ఉండాయే!" అన్నాడు.

సెంటు భూమి లేనివాడివి. కోర్టు ముందర టీ అంగట్లో కూర్చుని, అన్నం పెట్టించిన వాళ్ల తరఫున సాక్ష్యం చెప్పడమే నీ సేద్యం. అంత చదివినాయనకు ఆ అనుమానమే రాలేదు.

సభ అయ్యాక ఒకటే అడిగాను. మా మేనత్తను ఆమె మరిది చేన్లోంచి ఈడ్చేసిన కేసు చదివారా అని.

"చదివానమ్మా. సాక్షి లేక ఓడిపోయింది. పాపం, ఆ రోజు పక్క చేన్లో ఎవరూ లేరు" అన్నాడు.

నువ్వు ఉన్నావు నాయనా. కూలికి పోయి, నిజంగా పక్క చేన్లో ఉన్నది ఆ ఒక్క రోజే.