రెండో చీటీ

జనవరి 1, 2025. బుధవారం. మధ్యాహ్నం

చర్చిలో అర్ధరాత్రి వాచ్‌నైట్ సర్వీసు నుంచి వచ్చి పడుకుని ఇప్పుడే లేచాను. ఏడాదికో బైబిలు వాక్యం తీసుకునే వాగ్దానాల బుట్టలో చెయ్యి పెడితే పోయినేడు వచ్చిన కార్డే మళ్ళీ వచ్చింది. దేవుడికి నాతో కొత్తగా చెప్పడానికేమీ లేనట్టుంది.

బ్యూలా దగ్గర మాత్రం కొత్త కబురుంది. మారేడుమిల్లి దాటాక కొండల్లో చిన్న మిషన్ ఆసుపత్రి ఉందట. కాన్పుల వార్డుకి స్టాఫ్ నర్సు కావాలట. ఫిబ్రవరి పదికల్లా చేరాలి. ఫోన్ సిగ్నల్ కూడా ఉండదట. ఇదంతా చెబుతున్నప్పుడు దాని మొహం చూడాలి! నర్సింగ్ పాసైన రోజున కూడా అంత వెలగలేదు.

నాకు ఉన్నది ఒక్కతే కూతురు.

జనవరి 2

దాన్ని దేవుడికి ఇచ్చింది నేనే. నాలుగేళ్ళప్పుడు మెదడువాపు జ్వరం వచ్చింది. తొమ్మిదో రోజున కాకినాడ ఆసుపత్రి వరండాలో మోకాళ్ళ మీద పడి, బతికిస్తే నీ సేవకి ఇచ్చేస్తాను ప్రభువా అన్నాను. బతికింది. ఇరవై ఏళ్ళుగా స్త్రీల కూటంలో ఆ సాక్ష్యం చెబుతున్నాను. ఎక్కడ ఏడవాలో కూడా నాకు కంఠస్థమే.

ఇచ్చేటప్పుడు ఆయన నిజంగా తీసుకుంటాడనుకోలేదు.

జనవరి 9

మా ఆయనకి ఇదంతా వేళాకోళం. రావులపాలెం మార్కెట్లో అరటి గెలలు వేలంలో పాడుకునే మనిషి కదా. ఇచ్చేసిన గెలకి మళ్ళీ పాట పెడతావేంటే అన్నారు. పాస్టరు శాంతికుమార్ గారూ ఇంచుమించు అదే అన్నారు, కాస్త మర్యాదగా. దారి తెలుస్తూనే ఉంది కదా రత్నమాణిక్యం టీచరుగారూ, ఇంక అడగడానికేముందండీ అన్నారు.

నేనే పట్టుబట్టాను. మూడు రోజులు ఉపవాసముండి చీట్లు వేద్దామన్నాను. మా అమ్మ నా పెళ్ళికి అలాగే వేసింది. బ్యూలా వెంటనే సరే అంది. చీట్లు నన్నే రాయమంది. నీ ప్రార్థన దేవుడు వింటాడమ్మా, నేను బతికున్నదే అందుకు కదా అంది.

జనవరి 12. ఆదివారం. ఉదయం 6

నాలుగు గీతల కాపీ పుస్తకంలోంచి కాగితం చించి రెండు ముక్కలు చేశాను. ఒకదాని మీద వెళ్ళు అని, ఒకదాని మీద వద్దు అని రాయాలి. మొదటిదాని మీద వద్దు అని రాశాను. రెండోదాని మీద కూడా వద్దు అనే రాశాను. మూడో తరగతి పిల్లలకి బోర్డు మీద రాసినంత గుండ్రంగా వచ్చాయి అక్షరాలు.

ఉదయం 8

చీట్లు స్టీలు గిన్నెలో వేసి, గిన్నె బైబిలు మీద పెట్టి, ముగ్గురం మోకాళ్ళూనాం. బ్యూలా కళ్ళు మూసుకుని ఒకటి తీసింది. చదివింది. ఆమెన్ అంది. నేను ఏడ్చేశాను. అదే నా వీపు నిమిరి ఓదార్చింది.

మిగిలిన చీటీ చించేద్దామంటే చెయ్యి రాలేదు. బైబిల్లోని యోబు గ్రంథంలో దాచాను. నేను ఎక్కువగా తెరవని చోటు అదే.

జనవరి 15

పులస చేప దొరికే కాలం కాదు, రొయ్యలు వండాను. చాలా బాగున్నాయమ్మా అంది. ముద్ద ముట్టలేదు.

మార్చి 30. ఆదివారం

బ్యూలా రాజమండ్రిలో ప్రైవేటు ఆసుపత్రిలో చేరి నెలన్నరైంది. ఇవాళ ప్రార్థన గుడిలో లేచి సాక్ష్యం చెప్పింది. నా సాక్ష్యం కాదు, తనది. ఎంతో ఇష్టపడ్డాననీ, దేవుడు వద్దన్నాడనీ, మానుకున్నాననీ. ఎందుకు వద్దన్నాడో ఇంకా తెలియదట, తెలిసే రోజు వస్తుందట. గుడి అంతా స్తోత్రం అంది. పాస్టరుగారు మైకు తీసుకుని, ఇలాంటి బిడ్డని కన్న తల్లిని ఒకసారి నిలబడమన్నారు.

నిలబడ్డాను. సిగ్గులేకుండా నిలబడ్డాను.

ఆగస్టు 18

బ్యూలా సెలవు మీద వచ్చింది. ఆ కొండ ఆసుపత్రిలో ఇప్పటిదాకా నర్సు దొరకలేదట. కాన్పుల వార్డుకి తాళం వేశారట. పోయిన వారం నొప్పులతో వచ్చినామెని జీపులో కిందికి పంపితే ఘాట్ రోడ్డులోనే కాన్పయింది. బిడ్డ దక్కలేదు.

ఇది చెప్పి, దేవుడి ఆలోచనలు మనకి అర్థం కావు కదమ్మా అంది. నన్ను చూసే అంది. కూరలు తరుగుతున్నదాన్ని తల ఎత్తలేదు. అది దేవుడి ఆలోచన కాదు, నాది. ఆయన మీదికి తోసేశాను.

ఆగస్టు 19

దీనికి నిజం ఎలా చెప్పాలో చూపించమని ప్రార్థన చేశాను. సగంలో ఆపేశాను. తెలిసినదాన్నే మళ్ళీ అడుగుతున్నాను. నాకు ఇది అలవాటైపోయింది.

అక్టోబరు 26. ఆదివారం

కొండ ఆసుపత్రి వాళ్ళు బ్యూలాకి మళ్ళీ ఫోన్ చేశారు. అది ఇవాళ ఇంటికొచ్చి, కాపీ పుస్తకం, పెన్ను తెచ్చి నా ముందు పెట్టింది. మళ్ళీ ఉపవాసం ఉందాం, నువ్వే రాయమ్మా అంది.

లేచి బైబిలు తెచ్చాను. యోబు గ్రంథం తీసి రెండో చీటీ దాని చేతిలో పెట్టాను. రెండూ ఇలాగే రాశానే అన్నాను. మా ఆయన టీవీ కట్టేశారు.

అరుస్తుందనుకున్నాను. అరిచినా బాగుండేది. చీటీని అటూ ఇటూ తిప్పి చూసింది. అమ్మా, నాకు భయంగా ఉంది, వెళ్ళకే అని నువ్వు ఒక్క మాట అంటే ఉండిపోయేదాన్ని కదా అంది. దేవుడి చేత ఎందుకు చెప్పించావు అంది.

సాయంత్రమే బ్యాగు సర్దుకుంది. చీటీ కూడా తీసుకెళ్ళింది. వాళ్ళ నాన్నే బస్సెక్కించి వచ్చారు.

జనవరి 1, 2026. రాజమండ్రి బస్టాండు

రాత్రి సర్వీసులో వాగ్దానాల బుట్ట నా దాకా వచ్చింది. చెయ్యి పెట్టకుండా పక్కావిడకి అందించాను.

బ్యూలా ఆదివారాలు ఆ ఆసుపత్రి నుంచి కొండ దిగి ఫోన్ చేస్తుంది. నాన్నతోనే మాట్లాడుతుంది. నన్ను రమ్మనలేదు. రావద్దని కూడా అనలేదు.

మారేడుమిల్లి బస్సు వచ్చింది. వెళ్ళాలా వద్దా అని ఎవరినీ అడగలేదు.