మెరక చేను మట్టి

అమ్మా, అక్కడ అంతా క్షేమమని తలుస్తాను. నా మీద పెట్టిన ఫిర్యాదు వాపసైంది, ఉద్యోగానికి ఢోకా లేదు. ముందు నువ్వు కడుపునిండా అన్నం తిను.

మా నేల, నీటి సంరక్షణ ఆఫీసు వేయించిన గట్టు వల్ల చేను పాడైందని మెరక చేను రైతు నా మీద పైకి రాశాడని చెప్పానుగా. గట్టు లేకపోతే చేను ఎంత బాగుంటుందో విచారణకొచ్చే పెద్దసారుకు చూపిస్తానని, రెండు రోజుల ముందు తనే దాన్ని తెగ్గొట్టాడు. మర్నాడే కుండపోత. పైమట్టంతా కొట్టుకుపోయి, కింది చేను ఆవిడ గట్టు దగ్గర ఆగింది. తెల్లారేసరికి తట్ట పట్టుకుని ఆఫీసుకొచ్చి, "మేడమ్, నా మట్టి నాకిప్పించండి" అన్నాడు. వెనకే వచ్చిన ఆవిడ, "తనంతట తనే నడిచొచ్చిన లక్ష్మిని పొమ్మంటానా?" అంది. నవ్వాపుకోలేక చచ్చాను. చివరికి ఫిర్యాదు వెనక్కి తీసుకుని, గట్టు మళ్ళీ వేయమని అర్జీ ఇచ్చాడు.

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? ఇటు వచ్చేవాళ్ళుంటే నా గొడుగు పంపు, వాన తెరిపివ్వడం లేదు. ఇద్దరికీ నా దణ్ణాలు.

ఉద్యోగం పోతే వచ్చేస్తానని నా గది ఖాళీ చేయించావట. పాత సామాను మళ్ళీ అందులోనే పెట్టుకో. మంచం మాత్రం తీసెయ్యకు, ఇక్కడ మెరక చేలు ఇంకా చాలా ఉన్నాయి.

నీ చిన్నమ్మాయి